బహాలీనా, ఆబాదీనా? తబాహీ తర్వాత ఒక సమందర్ కథ

2018 మే చివర్లో ఒక రాత్రి డెస్కు మీద నేనే ఉన్నాను. పేజీ వెళ్లిపోయే టైంలో ఏజెన్సీ కాపీ ఒకటి వచ్చింది. డైనోసార్లను తుడిచిపెట్టిన గ్రహశకలం ఎక్కడ పడిందో, సరిగ్గా ఆ గుంతలోనే, 30 వేల ఏళ్లకల్లా సముద్రజీవులు మళ్లీ కళకళలాడాయని అందులోని ఖబర్. విదేశీ పేజీలో బాక్స్ ఖాళీగా ఉంది. పది నిమిషాల్లో తెలుగు చేసి, "30 వేల ఏళ్లలోనే కోలుకున్న సముద్రం" అని హెడ్డింగ్ పెట్టి పంపేశాను. మంచి హెడ్డింగ్ పెట్టానన్న ఖుషీతో ఇంటికెళ్లి పడుకున్నాను.

పొద్దున్నే ఫోన్. ఉర్దూ మీడియం స్కూల్లో మాకు సైన్స్ చెప్పిన మాస్టర్ సాబ్. రిటైరై చాలా ఏళ్లయింది. తెలుగు పేపర్ని మనవడితో చదివించుకుని వింటారు. సలాం దుఆ అయ్యాక నేరుగా అడిగారు: "బేటా, సమందర్ బహాల్ హో గయా లిఖే. కౌన్ బహాల్ హుఆ? పురానే వాలే వాపస్ ఆయే క్యా?"

కోలుకుంది అని రాశావు సరే, కోలుకున్నది ఎవరు? పాతవాళ్లు తిరిగొచ్చారా? అదీ ఆయన సవాల్. నా దగ్గర జవాబు లేదు. "చూసి చెప్తా సాబ్" అన్నాను. చూడటానికి నాకు కొన్నేళ్లు పట్టింది. ఈ వ్యాసం ఆయనకు నేను బాకీ ఉన్న జవాబు. నా హెడ్డింగుకు ఆలస్యంగా వేస్తున్న సవరణ కూడా.

ముందు లఫ్జ్ సంగతి. "బహాల్" అంటే "బ-హాల్", మునుపటి హాలత్‌లోకి రావడం. సస్పెండైన గుమాస్తాను మళ్లీ అదే కుర్చీలో కూర్చోబెడితే అది బహాలీ. మనిషి అతనే, కుర్చీ అదే, రిజిస్టర్లో పేరూ అదే. దీనికి ఎదురుగా ఇంకో లఫ్జ్ ఉంది: ఆబాద్. నిజామాబాద్, ఆదిలాబాద్, మన హైదరాబాద్ అన్నింటి తోకలో ఉన్నదే. జనం వచ్చి నిలిచిన చోటు ఆబాద్. ఆ జనం మొదట్నుంచీ ఉన్నవాళ్లే కావాలన్న షరతు ఈ మాటకు లేదు. ఈ రెండు లఫ్జులూ గుర్తుంచుకోండి దోస్తులారా, కథంతా వాటి మధ్యనే నడుస్తుంది.

తబాహీకి గవాహీ

6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందటి సంగతి ఎవరికి తెలుస్తుంది? రాళ్లకు తెలుస్తుంది. ఇటలీలో గుబ్బియో అనే పాత ఊరు ఉంది. దాని దగ్గర కొండల్లో ఒకప్పటి సముద్రపు అడుగు సున్నపురాయిగా మారి పొరలు పొరలుగా పైకి లేచి కనిపిస్తుంది. 1970ల్లో వాల్టర్ అల్వారెజ్ అనే అమెరికన్ జియాలజిస్టు అక్కడ పని చేశాడు. కింది పొరల నిండా ఫొరామినిఫెరా అనే జీవుల గుల్లలు. ఒకే కణం ఉన్న ప్రాణి, ఒంటి చుట్టూ సున్నపు గుల్ల, సైజు ఉప్పు కణమంత. కింది రాతిలో అవి పెద్దగా, రకరకాలుగా ఉన్నాయి. పైన ఒక సెంటీమీటరు మందం బంకమట్టి. దాని పైన రాతిలో ఆ పెద్దవి లేవు. సన్నగా, చిన్నగా, ఒకటీ అరా. సెంటీమీటరు మట్టికి ఇవతల ఒక దునియా, అవతల ఇంకో దునియా.

ఆ మట్టి ఎంతకాలంలో పేరుకుందో తేల్చాలని వాల్టర్ తన తండ్రిని అడిగాడు. తండ్రి లూయిస్ అల్వారెజ్ ఫిజిక్స్‌లో 1968 నోబెల్ గ్రహీత. ఫ్రాంక్ అసారో, హెలెన్ మిషెల్ అనే ఇద్దరు కెమిస్టులు మట్టిని పరీక్షించారు. ఇరిడియం అనే లోహం మామూలుకన్నా దాదాపు 30 రెట్లు ఎక్కువగా తేలింది. భూమి పైపొరలో చాలా అరుదుగా ఉండే లోహమిది, ఉల్కల్లో ఎక్కువ. 1980లో ఆ నలుగురూ కలిసి ప్రకటించారు: ఆసమాన్ నుంచి సుమారు 10 కిలోమీటర్ల వెడల్పున్న రాయి పడింది, దాని ధూళే ఈ మట్టి.

మరి గుంత ఏదీ? ఇక్కడ మా బిరాదరీ మనిషి ఒకాయన వస్తాడు. మెక్సికోలోని యుకటాన్ ద్వీపకల్పం దగ్గర చమురు కోసం వెతుకుతూ గ్లెన్ పెన్‌ఫీల్డ్, ఆంటోనియో కమార్గో అనే ఇద్దరు నేల కింద భారీ వలయాన్ని గుర్తించారు. 1981లో ఒక సభలో చెప్పారు కూడా. సైన్సు లోకం పట్టించుకోలేదు. హ్యూస్టన్ పేపర్లో కార్లోస్ బయర్స్ అనే జర్నలిస్టు మాత్రం ఖబర్ రాశాడు. దాదాపు పదేళ్ల తర్వాత, గుంత కోసం వెతుకుతున్న అలన్ హిల్డెబ్రాండ్‌కు ఈ పాత సంగతి చెప్పిందీ ఆయనే. 1991లో చిక్షులుబ్ గుంత పేరు దునియాకంతటికీ తెలిసింది. అడ్డం 180 కిలోమీటర్ల పైమాటే. పదేళ్ల పాటు పాత పేపర్లో పడి ఉన్న వార్త ఆఖరికి అలా పనికొచ్చింది. మావాళ్లు హెడ్డింగులు తప్పు పెట్టినవాళ్లే కాదు, ఇలాంటివాళ్లూ ఉన్నారని చెప్పుకోవాలి కదా.

చీకటి పడ్డాక దస్తర్‌ఖాన్

రాయి పడితే పడిన చోట చావాలి. దునియాలోని సముద్రాలన్నీ ఎందుకు చచ్చాయి?

సముద్రంలో తిండి మొదలయ్యేది సూర్యకాంతితోనే. పై నీళ్లలో తేలే సూక్ష్మజీవులు వెలుగు తిని బతుకుతాయి. వాటిని తినేవి కొన్ని, ఆ కొన్నింటిని తినేవి ఇంకొన్ని. చిన్న రొయ్య నుంచి పెద్ద చేప దాకా అందరికీ ఒకటే దస్తర్‌ఖాన్. రాయి దెబ్బకు ఎగిసిన ధూళి, మసి, గంధకం పొగ ఆకాశాన్ని కమ్మేశాయి. వెలుగు ఆగింది. దస్తర్‌ఖాన్ ఎత్తేశారు.

పైగా నీళ్లకు పులుపెక్కింది. నెదర్లాండ్స్‌లోని ఒక గుహలో దొరికిన ఆనాటి గుల్లల్లో బోరాన్ లెక్క చూసి 2019లో ఒక బృందం చెప్పిందేమంటే, తబాహీ తర్వాత సముద్రపు పైనీళ్ల పీహెచ్ దాదాపు 0.25 పడిపోయింది. చూడటానికి చిన్న అంకె. సున్నంతో ఇల్లు కట్టుకునే ప్రాణికి మాత్రం అది గోడ కరిగిపోయే అంకె. పైనీళ్లలో తేలే ఫొరామినిఫెరా జాతుల్లో 90 శాతానికి పైగా నామోనిషాన్ లేకుండా పోయాయి.

ఇందులో ఒక విచిత్రం. సముద్రపు అడుగున, చీకట్లో బతికే ఫొరామినిఫెరాకు పెద్ద నష్టం జరగలేదు. పైనుంచి రాలే చచ్చిన జీవుల తునకలే వాటి రోజీ. 1980ల్లో కెన్నెత్ షూ, జుడిత్ మెకెంజీ అనే ఇద్దరు ఆనాటి సముద్రానికి "స్ట్రేంజ్‌లవ్ సముద్రం" అని పేరు పెట్టారు. అణుయుద్ధం మీద తీసిన ఒక పాత సినిమా పేరు అది. పైనీళ్లలో ప్రాణమే లేని ముర్దా సమందర్ అని వాళ్ల భావం. తర్వాత వచ్చినవాళ్లు దాన్ని సవరించారు. పూర్తిగా ముర్దా అయితే అడుగునున్నవాళ్లు ఆకలికి చచ్చేవాళ్లు కదా? చావలేదు. అంటే పైన ఏదో ఒకటి బతికే ఉంది, కొద్దో గొప్పో తిండి కిందికి రాలుతూనే ఉంది. కాకపోతే పైనుంచి అడుగుకు తిండి చేర్చే బందోబస్తు కుంటుపడింది. అది పూర్తిగా సర్దుకోవడానికి సుమారు 30 లక్షల ఏళ్లు పట్టిందని కార్బన్ లెక్కలు చెబుతున్నాయి.

నా హెడ్డింగ్ వెనకున్న అసల్ సంగతి

ఇప్పుడు నా వార్త దగ్గరికి వద్దాం. 2016 ఏప్రిల్, మే నెలల్లో అంతర్జాతీయ బృందం ఒకటి చిక్షులుబ్ గుంతలోనే, సముద్రంలో వేదిక నిలిపి బోరు వేసింది. సముద్రపు అడుగు నుంచి 1,300 మీటర్లకు పైగా తవ్వి రాతి కడ్డీలు బయటికి తీసింది. అందులో ముప్పావు మీటరు మందం ఉన్న ఒక పొర దొరికింది. దెబ్బ తగిలాక నీళ్లలో కలిసిన సన్నటి మడ్డి నిదానంగా దిగి పేరుకున్న పొర అది. పేరుకోవడానికి పట్టిన టైం కొన్నేళ్లే. అందులోనే పురుగులు దొలిచిన బొరియలున్నాయి. బతికి బట్టకట్టిన ఫొరామినిఫెరా గుల్లలున్నాయి. అంటే ఖయామత్ దిగిన చోటే కొన్నేళ్లకల్లా ఎవరో ఒకరు పాకుతున్నారు. 30 వేల ఏళ్లకు అక్కడ మంచి తిండీ, రకరకాల ప్రాణులూ ఉన్న సముద్రం ఉంది. క్రిస్టఫర్ లోవరీ, ఆయన సహచరులు రాసిన పత్రంలో ఉన్నదిదే, అబద్ధం ఏమీ లేదు.

అందులోనే ఇంకో మాట ఉంది. ఏజెన్సీ కాపీలో ఉందో లేదో గాని, నేనైతే వదిలేశాను. అదే గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో, ఉత్తర అట్లాంటిక్‌లో కొన్ని చోట్ల ఆ స్థితికి రావడానికి 3 లక్షల ఏళ్ల దాకా పట్టింది. రాయి పడిన చోటికి దగ్గరా దూరమా అన్నదానికీ, కోలుకున్న వేగానికీ సంబంధం లేదు. ఒక్కో చోటుది ఒక్కో నసీబ్. నేను ఒక గుంత కథను మొత్తం సముద్రానికి అంటగట్టాను. ఒక మొహల్లాలో కర్ఫ్యూ ఎత్తేస్తే షహర్ అంతా మామూలైపోయిందని రాసినట్టు.

ఇక మాస్టర్ సాబ్ సవాల్: కోలుకున్నది ఎవరు?

మొదట దిగినవి ఆపద్ధర్మ జాతులు. గుంబెలిట్రియా అనే అతి చిన్న ఫొరామినిఫెరా అందులో ముఖ్యం. మంచి రోజుల్లో దాన్ని పట్టించుకునేవాళ్లు లేరు. తీరం వెంబడి, ఎవరికీ అక్కరలేని నీళ్లలో బతికేది. పెద్దలందరూ పోయాక ఖాళీ మైదానం దానిదైంది. ఏదంటే అది తిని, తొందరగా పిల్లల్ని పెట్టి, పొరల నిండా అదే నిండిపోయింది. మైక్రోస్కోపు కింద చూసి "ఎన్ని ప్రాణులో!" అనుకోవచ్చు. లెక్కకు వేలు, కులానికి ఒకటే.

తర్వాత కథ తఖ్తు కోసం జరిగిన కొట్లాట లాంటిది. నానోప్లాంక్టన్ అని ఇంకా చిన్న సున్నపు జీవులుంటాయి. సహజమైన సుద్దరాయిగా పేరుకునేవి ఎక్కువగా వాటి గుల్లలే. 1 కోటి 30 లక్షల ఏళ్ల పొడవునా వాటి రికార్డును ఒక బృందం పొర పొరగా లెక్కపెట్టి 2019లో ప్రచురించింది. మొదట్లో ఒక జాతి విపరీతంగా పెరుగుతుంది. కూలుతుంది. ఇంకోటి పెరుగుతుంది. అదీ కూలుతుంది. ఏ హుకూమతూ నిలవలేదు. ఈ గందరగోళం తగ్గి సముద్రం నిలకడకు రావడానికి సుమారు 20 లక్షల ఏళ్లు పట్టింది. జాతుల సంఖ్య పాత లెక్కకు చేరడానికి దాదాపు కోటి ఏళ్లు.

ఈ రెండు అంకెల మధ్య తేడాలోనే అసల్ సబక్ ఉంది. పని నడవడం వేరు, మనుషులు నిండటం వేరు. దుకాణాలు తెరిచినంత మాత్రాన బజార్ బజార్ కాదు. పని నడవడానికి కూడా ఒక్క జాతి బాగా పెరిగితే చాలదు. ఒకటి కూలితే ఇంకోటి భుజం పట్టేంత మంది కావాలి. అంతమంది పోగయ్యాకే ఆ సముద్రం వణుకు తగ్గింది.

కోటి ఏళ్లన్న అంకె ఈ ఒక్క తబాహీదే కాదు. 2000లో కిర్చ్‌నర్, వైల్ అనే ఇద్దరు మొత్తం శిలాజాల తారీఖును లెక్కగట్టి చూశారు. నష్టం చిన్నదైనా పెద్దదైనా, కొత్త జాతులు ఉప్పెనలా పుట్టుకొచ్చేది సుమారు కోటి ఏళ్ల తర్వాతేనని తేల్చారు. ఖాళీ అయిన ఇంట్లో చేరడానికి కొత్తవాళ్లు కావాలి. ఆ కొత్తవాళ్లకు ముందు ఇల్లే మళ్లీ కట్టుకోవాలి. ఒక ప్రాణి ఇంకో ప్రాణికి ఇల్లవుతుంది, మూడోదానికి తిండవుతుంది. ఈ అల్లిక ఒక్కో పోగుగానే పడుతుంది.

వాపస్ రానివాళ్లు

అమ్మోనైట్లు అనేవి పొట్టేలు కొమ్ములా చుట్టుకున్న గుల్లల్లో బతికేవి. 30 కోట్ల ఏళ్లకు పైగా సముద్రాలను ఏలాయి. తమిళనాడులో అరియలూరు వైపు పొలాల్లో ఇప్పటికీ దొరుకుతాయి. ఈ తబాహీకి వాటి వంశం ముగిసింది. వాటి దూరపు చుట్టం నాటిలస్ మాత్రం బతికి, నేటికీ పసిఫిక్‌లో ఈదుతోంది. ఎందుకలా? ఒక బలమైన వివరణ ఉంది. అమ్మోనైట్ పిల్లలు అతి చిన్నవి, పైనీళ్లలో తేలుతూ పెరిగేవి. నాటిలస్ లోతున పెద్ద గుడ్డు పెడుతుంది. పైన దస్తర్‌ఖాన్ ఎత్తేసినప్పుడు అమ్మోనైట్ పిల్లలకు ముద్ద లేకుండా పోయింది. బలం లేక కాదు, పిల్లలు పెరిగే చోటు కాలిపోయి ఓడిపోయారు.

రూడిస్టులని గొట్టాల్లాంటి ఆల్చిప్పలుండేవి, వెచ్చటి సముద్రాల్లో దిబ్బలు కట్టేవి. అవీ పోయాయి. మోససార్లనే భారీ సముద్ర సరీసృపాలూ పోయాయి. ఆ ఖాళీలో పైకొచ్చినవాళ్లు ఎవరు? చేపలు. పసిఫిక్ అడుగు మట్టిలోని పళ్లనూ, సొరచేపల చర్మపు పొలుసులనూ లెక్కపెట్టిన శాస్త్రజ్ఞులు, ఈ తబాహీ తర్వాతే మామూలు ఎముకల చేపల వాటా సొరలను దాటి పెరిగిందని చెప్పారు. ఈ రోజు మన దస్తర్‌ఖాన్ మీదున్న చేప ఒక రకంగా ఆ ఖాళీకి వారిస్.

కాబట్టి మాస్టర్ సాబ్, జవాబు ఇది: పురానే వాలే వాపస్ నహీఁ ఆయే.

మన గోదావరి ఒడ్డున ఆ పొర

ఈ సబూత్ కోసం మెక్సికో దాకా పోనక్కర్లేదని నాకు తర్వాత తెలిసింది. మాది వికారాబాద్ వైపు. మా నల్లరేగడి దక్కన్ లావా రాయి అరిగి తయారైన మట్టి. ఆ లావా పొంగింది సరిగ్గా ఆ తబాహీ జమానాలోనే. పశ్చిమ కనుమల వైపు పొంగిన ప్రవాహాలు కొన్ని వెయ్యి కిలోమీటర్లకు పైగా పారి రాజమండ్రి దగ్గర అప్పటి సముద్రంలోకి దిగాయి. భూమ్మీద తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాలు ఇవేనంటారు.

ఎలక్షన్ డ్యూటీ మీద అటు వెళ్లినప్పుడు ఒక పూట ఖాళీ చేసుకుని గౌరీపట్నం, దుద్దుకూరు వైపు పోయాను. అంతా నల్లరాయి క్వారీలు, క్రషర్లు, కంకర లారీలు. ఒక పాత క్వారీ గోడ ముందు నిలబడితే కింద నల్లరాయి, పైన నల్లరాయి, మధ్యన తెల్లటి సున్నపు పొర. రెండు లావాల మధ్య విరామంలో సముద్రం పేర్చుకున్న పొర అది. చేత్తో తడిమితే ఆల్చిప్పల ముక్కలు, మెలితిరిగిన సన్నటి గవ్వలు తగిలాయి. నాగపూర్‌లో ఉండిన స్కాట్లాండ్ మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ 1860లోనే రాజమండ్రి గవ్వల గురించి లండన్ పత్రికలో రాశాడు.

ఈ తెల్లపొరలోని ఫొరామినిఫెరాను గెర్టా కెల్లర్ బృందం పరిశీలించి 2008లో ప్రచురించింది. తబాహీ అయిన కొన్ని లక్షల ఏళ్లలోపు, అప్పుడే పుట్టిన చిన్న చిన్న జాతులు అవి. అంటే గుబ్బియోలో మట్టిపైన కనిపించిన ఆ బక్క సంతానానికి చుట్టాలే మన గోదావరి పక్కన ఉన్నారు. తర్వాత కృష్ణా గోదావరి బేసిన్‌లోని ఓఎన్‌జీసీ బోర్ల రాతిని కూడా ఆ బృందం చూసింది. మొదటి పెద్ద లావా తర్వాతే జాతులు సగానికి పడ్డాయని, తర్వాతి ప్రవాహాల మధ్య వాటికి కోలుకునే మొహలత్ దొరకలేదని వాళ్ల వాదన. అసలు ఖాతిల్ రాయా లావానా అన్న బహస్ ఇంకా తెగలేదు. రాయి వైపే ఎక్కువమంది ఉన్నారు, లావా పాత్ర ఎంతన్నదే తగువు. ఆ తగువు తీర్చే స్థోమత నాకు లేదు. కానీ "మొహలత్ దొరకలేదు" అన్న మాట నా దిమాగ్‌లో ఉండిపోయింది. ఒక దెబ్బ తిని లేచేలోపు ఇంకో దెబ్బ పడితే లేవడం అనేదే ఉండదు.

ఇంతకన్నా పెద్ద తబాహీ 25 కోట్ల 20 లక్షల ఏళ్ల కిందట జరిగింది. సైబీరియా లావాల జమానా అది. సముద్ర జాతుల్లో 80 శాతానికి పైగా పోయాయి. పాత పగడాల వంశాలు రెండూ అంతరించాయి. ఇప్పటి పగడాల పూర్వీకులు రాతిలో కనిపించేది దాదాపు కోటి ఏళ్ల తర్వాతే. మధ్యలో పగడమన్నదే లేని సముద్రం. దాని గవాహీ కశ్మీర్‌లో శ్రీనగర్ దగ్గర గుర్యుల్ లోయలో ఉంది. అక్కడా క్వారీల బెడదే. గవాహులను పగలగొట్టి కంకర చేసుకోవడంలో ఉత్తరం, దక్షిణం తేడా లేదు మనకు.

కుదరత్ చూసుకుంటుందా?

పగడాలు తెల్లబడుతున్నాయనో, చేప తగ్గిందనో రాసినప్పుడల్లా ఒక దోస్త్ అంటాడు: "ఛోడో మియా, కుదరత్ అన్నీ సర్దుకుంటుంది. అంత పెద్ద రాయి పడితేనే కోలుకుంది." నా హెడ్డింగ్ అతని నోట్లో మాట్లాడుతోందని నాకు తెలుసు. 2024 ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్తంగా పగడాల నాలుగో పెద్ద తెల్లబాటును ప్రకటించారు. మొదటిది 1998లో. పాతికేళ్లలో నాలుగు దెబ్బలు. మొహలత్ ఏదీ?

కుదరత్ సర్దుకుంటుంది, కాదనను. దానికి కోటి ఏళ్ల సబర్ ఉంది. మనిషి అనే జాతి పుట్టి సుమారు 3 లక్షల ఏళ్లు. మన మొత్తం తారీఖును ముప్పై సార్లకు పైగా పేర్చితే కోటి ఏళ్లవుతుంది. అన్నాళ్లూ తీరం మీద వల పట్టుకుని కూర్చునేవాడు ఎవడూ ఉండడు. అప్పుడొచ్చే సముద్రం బహుశా బాగానే ఉంటుంది. అందులో ఎవరుంటారో, దాన్ని చూడటానికి ఎవరుంటారో చెప్పలేం.

మొన్న మాస్టర్ సాబ్ ఇంటికెళ్లాను. దుద్దుకూరు దగ్గర రోడ్డు పక్కన పారేసిన తెల్లరాయి ముక్క ఒకటి తెచ్చి దాచాను, అది చేతికిచ్చాను. చూపు తగ్గింది. బొటనవేలితో గవ్వ మెలికను తడిమి చూశారు. నేర్చుకున్నదంతా చెప్పాను. విని, "తో బహాలీ నహీఁ, ఆబాదీ," అన్నారు. "హెడ్డింగ్ మార్చు బేటా."

మార్చాను సాబ్. 2018 నాటి పేపర్లో కుదరదు కాబట్టి ఇక్కడ మార్చాను: తబాహీ తర్వాత సముద్రం కోలుకోలేదు. ఆ నీళ్లలో వేరే సముద్రం పుట్టింది.